సంకు మోగని వేసవి

మొన్న ఒకరోజు పొద్దున మా లైనులో రైళ్ళు ఆగిపోయాయి. పట్టాల మీది కరెంటు తీగ ఎక్కడో తెగిందట. అంబత్తూరులో మా ఇల్లు పట్టాలకు ఎంత దగ్గరంటే, బండి పోయినప్పుడల్లా వంటింట్లో గిన్నెల మీది మూతలు కదులుతాయి. ఆ చప్పుడు లేకపోయేసరికి నాకు కాలు నిలవలేదు. హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటింటికి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పేపరు తెరిచి మూసేశాను. కలుపుకున్న కాఫీ చల్లారిపోయింది.

"ఏమత్తా, పొద్దున్నించి ఇట్లా తిరగతానే ఉండారు? కాళ్ళు నొయ్యలేదా?" అంది మా కోడలు.

"రైళ్ళు పోలేదు గదా."

"మీరు యాడికైనా పోవాల్నా?"

"యాడికీ లేదు."

"మరి విడిచిపెట్టండత్తా, వాళ్ళే సరిజేస్తారు," అని నవ్వి తన పనిలో పడింది. మధ్యాహ్నానికి తీగ సరిచేశారు, రైళ్ళు తిరిగాయి. నా కాలు మాత్రం ఆ రోజంతా నిలవలేదు. రైళ్ళు లేని నిశ్శబ్దాన్ని నేను చిన్నప్పుడు ఒక వేసవిలో విన్నాను. అప్పటినుంచి అది నాకు పడదు.

మా ఊరిప్పుడు ఊరు కాదు. మద్రాసు పడమటికి పాకుతూ పాకుతూ వచ్చి దాన్ని తనలో కలిపేసుకుంది. అప్పుడు మాత్రం దానికి హద్దులుండేవి. ఒకవైపు స్టేషను, ఒకవైపు ఇంజన్ల షెడ్డు, ఒకవైపు చెరువు, ఇంకోవైపు మామిడితోపు. మధ్యలో మా కాలనీ. రైలు రాకముందు ఆ చోట మనుషులే లేరని మా అవ్వ చెప్పేది. "ముళ్ళకంప, పాములు. అంతే ఈడ ఉండింది. మీ తాత వాళ్ళు నెల్లూరు పక్కనించి కూలికొచ్చి కంప కొట్టి, కట్ట పోసి, పట్టాలేసినారు. పట్టాలేసినోళ్ళకి తిరిగి ఊరికి పోబుద్ధి కాలా." అవ్వ కాలాన్ని కూడా రైల్వేతోనే కొలిచేది. పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టిన ఏడు ఆమె కాపురానికి వచ్చింది. రెండో ప్లాట్‌ఫారం వేసిన ఏడు మా నాయన పుట్టాడు. తాత ఎప్పుడు పోయాడని అడిగితే, "షెడ్డుకి రేకులు మార్చినారే, అప్పుడు," అనేది.

ఊరందరికీ గడియారం షెడ్డు సైరను. దాన్ని మేం సంకు అనేవాళ్ళం. పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మోగేది. సంకు వింటే అమ్మలు ఎసరు పెట్టేవాళ్ళు, పంతులు బడి వదిలేవాడు. కాలనీలో ఉన్న కుక్కలు కూడా సంకు మోగగానే షెడ్డు గేటు వైపు పరుగెత్తేవి, డ్యూటీ దిగినవాళ్ళు డబ్బాల్లో మిగిలింది పడేస్తారని.

బొగ్గు వాసన మాకు వాసనగా తెలిసేది కాదు. ఊరు దాటి చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, ఏదో తక్కువైనట్టుండేది, అదీ బొగ్గు వాసన. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. తెల్లచొక్కా వేసుకున్నవాడు మా ఊరివాడు కాదని దూరం నుంచే చెప్పేయవచ్చు. ఆదివారాల్లో డ్రైవర్ల బంగళాల నుంచి మసాలా వాసన వచ్చేది. ఆ ఆంగ్లో ఇండియన్ దొరసానులు కోళ్ళను పెంచి, వాటిని ఇంగ్లీషులోనే తిట్టేవాళ్ళు. అరవవాళ్ళ ఆడినెలలో అమ్మవారి గుడి దగ్గర పెద్ద కుండలతో అంబలి కాచితే చర్చికి పోయేవాళ్ళు కూడా చెంబులు తెచ్చుకునేవాళ్ళు. క్రిస్మస్‌కి వాళ్ళు చేసిన కేకు మా ఇంటికొచ్చేది. ఎవరింట్లో ఏ పండగో చూసుకోకుండా పిల్లలం ఒకే మందగా తిరిగేవాళ్ళం.

మా మందలో నాకు ప్రాణమైన స్నేహితురాలు గోడకు అవతలి పిల్ల. మా క్వార్టర్లు వీపుకు వీపు ఆనుకుని ఉండేవి. రెండు పెరళ్ళకూ మధ్య రొమ్ము ఎత్తు గోడ. అవతల గూడ్సు బండి గార్డుగారి కుటుంబం. ఆయన్ని నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. వాళ్ళు క్రైస్తవులు, మేం అమ్మవారిని కొలిచేవాళ్ళం, అయినా మా నాయన ఆయన్ని 'బావా' అని నోరారా పిలిచేవాడు. అమ్మా అత్తా ఒకరికొకరు 'వదినా'.

అత్త పుట్టిల్లు చింతాద్రిపేట. పట్నం పిల్లనని కాస్త టెక్కు, బోలెడంత నోరు, పెద్ద నవ్వు. కాలనీలో సగం మంది రవికెలు ఆమె మిషను మీద కుట్టినవే. కుడుతూ గట్టిగా చర్చి పాటలు పాడేది. పాట మధ్యలో ఆపి, "వదినా, మీ రసం పొంగతా ఉంది, వాసనొచ్చేసింది, చూడు!" అని గోడ మీంచి కేకేసి, మళ్ళీ పాట ఎత్తుకునేది. గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ నడిచేవి. మా ఇంటి ఎండుచేపల పులుసు అటు, వాళ్ళింటి కూటు ఇటు. ఎవరి గిన్నె ఎవరిదో రెండిళ్ళలోనూ ఎవరికీ సరిగా తెలియదు.

నేనూ ఆ పిల్లా చేసిన అల్లరికి లెక్కలేదు. షెడ్డు బయట ఇంజన్ల కింది నుంచి తీసిన వేడి బూడిద కుప్పలు పోసేవాళ్ళు. వాటిలో గెనుసుగడ్డలు పూడ్చిపెట్టి, కాసేపు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి, కర్రతో తవ్వి తీసేవాళ్ళం. పైన నల్లగా మాడి, లోపల తేనెలా ఉండేవి. ఒకసారి కాపలావాడు తరిమితే ఆ వేడి గడ్డను ఆమె లంగాలో పోసుకుని పరుగెత్తింది. లంగాకు బొక్క పడింది. అత్త ఆ బొక్క మీద నెమలి బొమ్మ కుట్టి, "ఇంకో గడ్డ తెస్తే ఇంకో నెమలి కుడతా. తినేదానికి నాకూ తేండే," అంది.

సమ్మె మాట ఆ ఎండాకాలం మొదట్లో మొదలైంది. మా నాయన ఇంజన్లలో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఒకసారి బండెక్కితే దిగేదెప్పుడో ఆయనకే తెలిసేది కాదు. ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా, అరచేతులు బొబ్బలు. పని గంటలకు ఒక హద్దు కావాలని వాళ్ళు చాలాకాలంగా అడుగుతున్నారు. ఇక అడిగింది చాలని దేశమంతా రైళ్ళు ఆపాలనుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వే క్లబ్బు ముందు మీటింగులు జరిగేవి. మా నాయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజుల్లో అన్నం తింటూ కూడా చేతులు ఊపేవాడు.

గార్డు మామ మీటింగులకు వెళ్ళేవాడు, చివర్లో నిలబడేవాడు, చెయ్యి ఎత్తేవాడు కాదు. ఒకరోజు అత్త గోడ మీద చేతులు ఆనించి అమ్మతో మెల్లగా చెప్పింది. నేను పక్కనే తిరగలి దగ్గర ఉన్నాను.

"ఆయన సమ్మెలోకి రాడు వదినా. నీకు ముందే చెప్పేస్తా. రేపు ఇంకొకరి నోట వినకూడదు."

"అట్లంటే ఎట్లా వదినా? ఊరంతా దిగతా ఉంటే?"

"ముందొక సమ్మెలో దిగినాడు గదా. పని తీసేసినారు. అప్పుడే మా పెద్దోడికి వాంతులు. పని లేనోడి బిడ్డని రైల్వే ఆసుపత్రిలో చేర్చుకునేది లేదన్నారు. చేతుల్లోనే పోయినాడు. మళ్ళా చేర్చుకున్నారనుకో పనిలో. బిడ్డ వస్తాడా? ఇంక నా జన్మలో బండి ఆపనని ఆ పొద్దే అనుకున్నాడంట."

అమ్మ చేతిలో ఉన్న గిన్నె ఇచ్చేసి లోపలికొచ్చింది. సాయంత్రం నాయనకు చెబితే, "అందరికీ ఉంటాయి కష్టాలు. అందరం ఒకటిగా ఉంటేనే గదా ఇంకో బిడ్డ అట్లా పోకుండా ఉండేది," అన్నాడు. ఆ మాటా నిజమే అనిపించింది నాకు. అత్త మాటా నిజమే అనిపించింది. అప్పటినుంచి నా మనసు గోడకు అటొకసారి ఇటొకసారి పోయి వచ్చేది.

సమ్మె మొదలైన పొద్దున సంకు మోగలేదు. అందరం లేచి ఇళ్ళముందు నిలబడ్డాం. ఇంజన్ల బుసలు లేవు, పెట్టెల బఫర్లు ఢీకొన్న చప్పుడు లేదు. చెరువు మీది కొంగల అరుపు మొదటిసారి మా వీధిదాకా వినిపించింది. ఎసరు ఎప్పుడు పెట్టాలో తెలియక అమ్మ పొయ్యి ముందు కూర్చుని లేచింది, మళ్ళీ కూర్చుంది. అరెస్టు చేస్తారని అంతకు ముందురోజే నాయన తోటివాళ్ళతో కలిసి ఎక్కడికో తప్పుకున్నాడు. పోలీసులు లారీల్లో దిగి వీధి చివర డేరాలు వేశారు.

ఆ పొద్దునే గార్డు మామ యూనిఫాం వేసుకుని బయటికొచ్చాడు. ఆయనకు అటొకరు ఇటొకరు పోలీసులు. దించిన తల ఎత్తకుండా మా వీధి మీదుగా నడిచి వెళ్ళాడు. మా అవ్వ అరుగు మీద నుంచి లేచి నిలబడి కాండ్రించి ఉమ్మింది. "కరుంగాలి!" అంది. సమ్మెలో పనికి పోయే ద్రోహిని మావైపు అందరూ అనే అరవ మాట అది. ఆ మాట ఇంటింటా మారుమోగింది.

కాలనీ ఆడవాళ్ళు కూడబలుక్కున్నారు. ఆ ఇంటితో మాటలు లేవు. ఆ ఇంటికి నిప్పు లేదు, నీళ్ళు లేవు. కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తెచ్చుకున్నారు, సగం కుట్టినవి కూడా. మా అమ్మ రెండురోజులు ఏమీ తేల్చుకోలేకపోయింది. మూడోరోజు ఎవరో మొహం మీదే అడిగారు, నీ మొగుడు అడవుల్లో పడుంటే నువ్వు ఆ కొంపతో గిన్నెలు మార్చుకుంటావా అని. ఆ మధ్యాహ్నం అమ్మ పెరట్లో ఉన్న వంటచెరుకంతా తెచ్చి గోడ మీద పేర్చింది. అవతలి పెరడు కనబడకుండా. పేరుస్తున్నంతసేపూ అవతల మిషను చప్పుడు వినబడింది. అత్త పాడుతూనే ఉంది. కట్టెలు ఎత్తు పెరిగేకొద్దీ ఆ పాట సన్నగిల్లి, ఒక్కసారిగా ఆగిపోయింది.

కొళాయి దగ్గర ఆ పిల్ల బిందె పెడితే ఎవరో కాలితో తోసేశారు. బిందె దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నాకేమైందో, దాన్ని ఎత్తి నా బిందెలోని నీళ్ళు అందులో పోసేశాను. పిల్ల నా మొహం చూడకుండా బిందె ఎత్తుకుని పరుగెత్తింది. నేను ఇంటికి రాకముందే కబురు ఇంటికి చేరింది. అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. వేసి, తనే పొయ్యి దగ్గర కూలబడి ఏడ్చింది. "నన్నెవురూ కొట్టరే. నన్నెవురైనా కొడితే బాగుండు," అంది. ఆ తర్వాత ఆ తల్లీకూతుళ్ళు కొళాయికి రాలేదు. ఎండలో గూడ్సు యార్డు అవతలి బావికి పోయి తెచ్చుకునేవాళ్ళు.

నాకు ఇంట్లో ఉండబుద్ధి కాదు, వీధిలో ఉండబుద్ధి కాదు. నాయన ఎక్కడున్నాడో తెలియదు. ఎవరు తలుపు కొట్టినా అమ్మ ఉలిక్కిపడేది. బియ్యం అడుగంటాయి, రాగిసంకటి మిగిలింది, అదీ పల్చబడి అంబలయింది. నేను పట్టాలదాకా పోయి చూసేదాన్ని. వాడకంలేని పట్టాలకు అప్పుడే తుప్పు పట్టడం మొదలైంది. అంత మెరిసే పట్టాలు తుప్పు పడతాయని నాకు అంతకుముందు తెలియదు.

అంతలో తమ్ముడికి అమ్మవారు పోసింది. చంకనెత్తుకునే వయసు వాడిది. ఒళ్ళంతా పొక్కులు, జ్వరం. అవ్వ గడపకు వేపమండలు కట్టింది. వేపమండలు చూసి, రోజూ వచ్చేవాళ్ళు కూడా వీధిలోంచే పలకరించి పోయేవాళ్ళు.

ఒకరోజు పొద్దెక్కకముందే లారీ వచ్చింది. సమ్మెలో ఉన్నవాళ్ళు క్వార్టర్లు ఖాళీ చేయాలని మైకులో చెప్పారు. చెబుతూనే చివరి ఇంటి నుంచి మొదలుపెట్టారు. కుండలు, చాపలు, దేవుడి పటాలు, వెలిగే కుంపటితో సహా వీధిలోకి వచ్చిపడ్డాయి. ఒక్కో ఇంటికి తాళం పడుతోంది. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మామిడితోపు వైపు పోతున్నారు. అమ్మ వాళ్ళలో ఒకరిని ఆపి, "ఈ బిడ్డను కాస్త నీడలో పెట్టుకోండక్కా," అంది. ఆమె తమ్ముడి మొహం చూసి రెండడుగులు వెనక్కేసింది. "పావం గానీ, నాకూ చిన్నపిల్లలు ఉండారు గదా," అంది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకూ చిన్నపిల్లలే.

పోలీసులు మా ముందు గదిలోకి వచ్చారు. అమ్మ తమ్ముడిని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తింది, నేను వెనకే. ఎటుపోవాలో తెలియక అక్కడే గుండ్రంగా తిరుగుతోంది. అప్పుడు గోడ మీది కట్టెలు కదిలాయి. ఒకటి పడింది, రెండు పడ్డాయి, అవతలి నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు మొత్తం కట్టెలు మా వైపు కూలాయి. అత్త తల కనిపించింది. జుట్టు చెదిరి ఉంది, చేతులకు గీరుకున్న రక్తం.

"వదినా, బిడ్డని ఇటియ్యి."

అమ్మ కదల్లేదు.

"అమ్మవారు పోసింది వదినా," అంది అమ్మ.

"పోస్తే పోసింది. ఇటియ్యి అంటా ఉండాను గదా!"

లోపల గిన్నెలు దొర్లుతున్నాయి. అమ్మ ఒక్కసారి వెనక్కి చూసి, కూలిన కట్టెల మీద కాళ్ళు పెట్టి నిక్కి, తమ్ముడిని గోడ మీంచి ఆ చేతుల్లో పెట్టింది. అత్త వాడిని గుండెకు హత్తుకుని, మొహంలో మొహం పెట్టి ఏదో అంటూ లోపలికి పోయింది. తర్వాత నేను ఎక్కాను, అవతల ఆ పిల్ల నా నడుం పట్టుకుని దించింది. అమ్మ చీర చిరుగుతుంటే ఎక్కి దిగింది. పోలీసులు పెరట్లోకి వచ్చేసరికి మేం అవతల ఉన్నాం. పనికి పోతున్న గార్డు ఇల్లు గనక అటువైపు వాళ్ళు రాలేదు.

మా అవ్వ మాత్రం రాలేదు. వీధిలో, మా సామాను మధ్య రోలు మీద కూర్చుంది. నేను పోయి చెయ్యి పట్టుకుని లాగాను.

"పోవే. కరుంగాలి ఇంటి నీడ నాకొద్దు. ఈడనే చస్తా."

ఎండ నడినెత్తికి వస్తోంది. అత్త చుట్టూ తిరిగి మా వీధిలోకి వచ్చింది. అవ్వను రమ్మనలేదు. పక్కన బోర్లా పడున్న గంగాళం మీద తనూ కూర్చుంది. వీధిలో మిగిలినవాళ్ళందరూ చూస్తున్నారు. అవ్వే ముందు నోరు తెరిచింది.

"నీ మొగుడు చేసింది తప్పు."

"తప్పే అవ్వా. నేను కాదన్లా."

"మరి ఏంటికి పంపిస్తా ఉండావు?"

"పోవద్దని నా నోట రాలా. నాకూ భయమే."

అవ్వ తల తిప్పుకుంది. "నీ పెద్దోడికి కడసారి నీళ్ళు పోసింది ఎవురనుకుంటివి? నువ్వు తెలివి తప్పి పడుంటివి. నేనే పోసినా, ఈ చేతుల్తో. అంత చిన్న బిడ్డకి అంత నీళ్ళెందుకని కొంచెమే పోసినా."

అత్త ఏడ్వలేదు. అవ్వ మోకాలి మీద చెయ్యి వేసింది. అలా ఇద్దరూ ఎండలో కూర్చున్నారు. చివరికి అవ్వే విసుక్కుంటూ లేచింది. "లెయ్యి. తల పగిలిపోతాది నీకు. ఆ రోలు ఎవురైనా ఎత్తుకుపోతారు, దొర్లించుకుని రా," అంది.

సాయంత్రం మామ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన ఇంటినిండా మేమే. గుమ్మంలో నిలబడి అందరినీ చూశాడు. అవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది. మామ టోపీ తీసి, చెప్పులు విడిచి, తమ్ముడు పడుకున్న చాప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. లోపలి గది మాకిచ్చి తను వరండాలోకి పక్క మార్చుకున్నాడు. వీధి చివరి పోలీసు వచ్చి లోపల ఎవరని అడిగితే, "మా అక్క. పిల్లోడికి ఒళ్ళు బాలేదు, తోడుకొచ్చింది," అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదటిసారి విన్నాను.

ఆ ఇంట్లో గడిచిన రోజులు తలుచుకుంటే వేపాకు, పసుపు వాసన వస్తుంది. అత్త రోజూ వేపాకు నూరి, పసుపు కలిపి తమ్ముడికి రాసేది. రాస్తూ యేసయ్యకు ప్రార్థన చేసేది. పక్కనే అవ్వ అమ్మవారిని మొక్కేది. "ఎవురు ముందొచ్చినా సరే, వచ్చి బిడ్డ జ్వరం దించేస్తే చాలు," అనేది అత్త. అమ్మ నవ్వింది. ఆ ఎండాకాలంలో అమ్మ నవ్వడం అప్పుడే చూశాను. నేనూ ఆ పిల్లా తలుపు వెనక కూర్చుని రాళ్ళాట ఆడేవాళ్ళం. ఇద్దరం బయటికి పోవడానికి లేదు. మాకు బయట అక్కరలేదు కూడా.

ఈ సంగతి ఎలాగో నాయనకు తెలిసింది. స్టేషను టీ కొట్టాయన ఒక మధ్యాహ్నం పెరటి వైపు వచ్చి కబురు చెప్పాడు. "అన్న ఇటుకబట్టీల కాడ ఉండాడు. ఆ ఇంట్లోంచి వెంటనే బయటికి రమ్మన్నాడు. తోపులో ఉన్నా సరే, ఆడ మాత్రం ఉండకూడదన్నాడు."

అమ్మ తమ్ముడిని భుజం మీద వేసుకునే బయటికొచ్చింది. "ఆయన్నే వచ్చి బిడ్డను తీసకపొమ్మను. ఎండలో, ఈ పొక్కుల్తో. తీసకపొయ్యి తోపులో పండేసుకోమను. నేనేమీ అననని చెప్పు," అంది. టీ కొట్టాయన తల గోక్కుంటూ పోయాడు. నాయన రాలేదు.

తమ్ముడి పొక్కులు ఎండి పొట్టు రాలుతున్న రోజుల్లో, ఒక పొద్దున సంకు మోగింది. కాలనీలో ఒక్కరూ సంతోషించలేదు. సమ్మె ఓడిపోయిందని అందరికీ అర్థమైంది. అవ్వ చెవులు మూసుకుంది. అది ఆగాక కూడా చేతులు తియ్యలేదు. మామ ఆ రోజు డ్యూటీకి పోలేదు, వరండాలో తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన గెలిచినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం నాయన వచ్చాడు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికి పోయి, ఎవరో అనుకున్నాను. గేటు దగ్గరే ఆగి, "ఏమే, బయటికి రా," అని అమ్మను పిలిచాడు.

"లోపలికొచ్చి ఇంత తిను రా," అంది అవ్వ వరండాలోంచి.

"ఈ ఇంట్లోనా?"

"ఈ ఇంట్లోనే నీ కొడుకు బతికినాడు."

నాయన తమ్ముడిని అందుకుని వాడి మొహం మీది మచ్చలు వేలితో తడిమాడు. మామ లేచి రెండు మెట్లు దిగి వచ్చాడు. ఇద్దరి మధ్యా గేటు ఉంది. ఎవరూ మాట్లాడలేదు. అమ్మ అత్తను పట్టుకుని ఏడ్చింది. మేం సామాను మోసుకుని వెళ్ళిపోయాం. నాయన పని పోయింది, క్వార్టరు పోయింది. చెరువు అవతల పూరింట్లో అద్దెకు దిగాం. నాయన ఇటుకబట్టీలో కూలికి పోయేవాడు.

మామకు కూడా మంచి జరగలేదు. సమ్మె చేసినవాడి సంసారాన్ని ఇంట్లో దాచాడని ఎవరో పైకి చేరవేశారు. ఎక్కడో ఉత్తరాన, మాకు పేరు కూడా పలకరాని స్టేషనుకు బదిలీ చేశారు. వాళ్ళు వెళ్ళే రోజు కాలనీ నుంచి ఒక్కరూ స్టేషనుకు రాలేదు. అమ్మ, అవ్వ, నేను వెళ్ళాం, పులిహోర పొట్లం తీసుకుని. మేం ముగ్గురం వెళ్తున్నామని నాయనకు చెప్పలేదు. అయినా ఆయన మాకంటే ముందే వచ్చి ప్లాట్‌ఫారం చివర నిలబడున్నాడు, ఇటుక దుమ్ముతో.

సామాను ఎక్కించడానికి మామ ఒక్కడే అవస్థపడుతున్నాడు. నాయన నడిచి వచ్చి పెట్టెకు రెండో వైపు చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఒక్కొక్కటే ఎక్కించారు. అంతా అయ్యాక మామ బండి పక్కన నిలబడి, ఇంకేదో ఉన్నట్టు నాయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. బండి కదిలేలా ఉంది. నాయన తలెత్తి దూరంగా చూశాడు.

"సిగ్నలు పడింది," అన్నాడు. "ఎక్కు బావా."

మామ ఎక్కాడు. ఆ పిల్ల కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపింది. నేను అందుకునేలోపే బండి కదిలింది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా పరుగెత్తాను.

కొన్నేళ్ళకు నాయనను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. పొగ ఇంజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది, సంకు విప్పేశారు. కాలనీ పడగొట్టి మేడలు కట్టారు. నాయన బాగా ముసలివాడయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు గేటు దగ్గర మామతో ఎందుకు మాట్లాడలేదని.

"ఆయన చేసింది తప్పు. నా బిడ్డను కాపాడింది నిజం," అన్నాడు. "రెండూ చెప్పాల గదా. రెండూ ఒకతూరి నోట్లోకి రాలా." మళ్ళీ తనే, "వాళ్ళు యాడుండారో నువ్వైనా వెతకరాదా?" అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి చింతాద్రిపేట పోయి అత్త పుట్టిల్లు అడిగితే, అందులో వేరేవాళ్ళు అద్దెకుండేవాళ్ళు, వాళ్ళకేమీ తెలియదు. మళ్ళీ పోవాలంటూనే ఏళ్ళు జరిగాయి. నాయన పోయాక ఒకరోజు ఉండబట్టలేక పోయాను. చర్చి వెనక సందులో అదే ఇల్లు. తలుపు తీసింది నెరిసిన జుట్టు మనిషి. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. పేరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఉద్యోగం అయిపోయాక, తల్లి నుంచి వచ్చిన ఆ ఇంట్లోనే ఉంటోందట. మామ పోయి చాలాకాలమైంది, అత్త తర్వాత.

"తమ్ముడు బాగుండాడా?" అని మొదటి మాట అడిగింది.

"బాగుండాడు. ముక్కు మీద రెండు మచ్చలు పోలా."

ఇద్దరం నవ్వుకున్నాం. కాఫీ ఇచ్చింది. ఇన్నేళ్ళుగా చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పాను. ఆ రోజు మీ అమ్మ లేకపోతే మేమేమైపోయేవాళ్ళమో అని.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నువ్వు తలకిందులుగా చెప్తా ఉండావు," అంది. "మా అమ్మ చచ్చేదాకా వేరేగా చెప్పేది. ఊరంతా మా మొహం చూడని దినాలు గదా. ఆ పొద్దు తెల్లారితే ఇంక బతకాలని లేదంట ఆమెకి. ఎట్లా పోవాలా, ఎప్పుడు పోవాలా అని తిరగతా ఉందంట పెరట్లో. అప్పుడు మీ అమ్మ బిడ్డను గోడమీంచి చేతుల్లో పెట్టింది. 'వదిన నన్ను నమ్మి ఇచ్చేసింది. బిడ్డను చేతుల్లో పెట్టినాక ఇంక యాడ చచ్చేది?' అనేది."

ఆ వేసవి తను మనిషిలా నడుచుకోలేదని మా అమ్మ బతికినన్నాళ్ళు బాధపడింది. ఎవరు ఏ మంచిమాట చెప్పినా, "నా సంగతి నీకు తెలీదు," అనేది. ఈ మాట వినవలసిన మనిషి వినకుండానే పోయింది.

ఆమె సందు చివరిదాకా వచ్చి సాగనంపింది. స్టేషను మెట్లెక్కి పైకి వచ్చాను. కింద కూవం నది మీద ఎండ పడుతోంది. బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కబుద్ధి కాలేదు. వచ్చిన బండినల్లా వదిలేస్తూ, ఆ ప్లాట్‌ఫారం మీద ఈ చివర నుంచి ఆ చివరికి చాలాసేపు నడిచాను.